జైళ్లలో మానసిక ఆరోగ్య సేవ: సోషల్ వర్కర్ ఏ ఉద్యోగాన్ని ఎంచుకోవాలి?

జైళ్లలో ఉన్న మానసిక రోగుల కోసం పనిచేయాలని నిశ్చయించుకున్న సోషల్ వర్కర్ ముందు సాధారణంగా నాలుగు దారులు ఉంటాయి. జైలు శాఖలోనే ఉద్యోగిగా చేరి గోడల లోపల పనిచేయడం మొదటిది. ఆరోగ్య శాఖ ఉద్యోగిగానో ఆసుపత్రి ఉద్యోగిగానో ఉంటూ, వైద్య బృందంతో కలిసి జైలుకు వెళ్లి సేవలందించడం రెండవది. నేరారోపణ ఎదుర్కొంటున్న రోగుల కోసం, శిక్ష అనుభవిస్తూ జబ్బుపడిన వారి కోసం గట్టి కాపలాతో నడిచే ప్రత్యేక మానసిక వైద్యశాలలో చేరడం మూడవది. న్యాయస్థానాల దగ్గర, నేరం చేసినవారిని జైలుకు బదులు షరతులతో బయట ఉంచి పర్యవేక్షించే ప్రొబేషన్ విభాగాల్లో, విడుదలైనవారితో పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో చేరడం నాలుగవది. ఈ నాలుగింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చినప్పుడు చాలామంది జీతం, భద్రత, ఉద్యోగ స్థిరత్వం లెక్క చూసుకుంటారు. అవి తీసిపారేయవలసిన విషయాలు కావు. అయితే వాటికన్నా ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుందని నా నమ్మకం: మీరు రాసిన నివేదిక ఎవరి బల్ల మీదికి వెళుతుంది, దాన్ని చదివినవారు ఆ ఖైదీ విషయంలో ఏ నిర్ణయం తీసుకుంటారు?

జైళ్లలో మానసిక అనారోగ్యం అరుదైన సమస్య కాదు. 12 దేశాల్లో జరిగిన 62 సర్వేలను కలిపి పరిశీలించి 2002లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, ఖైదీల్లో దాదాపు ప్రతి ఏడుగురిలో ఒకరు, లేనివి నిజమనిపించే సైకోసిస్‌తోనో తీవ్రమైన డిప్రెషన్‌తోనో బాధపడుతున్నారు. మద్యం, మత్తు పదార్థాల వ్యసనాలు ఈ ఏడింట ఒక వంతులో చేరలేదు. అంటే వెయ్యి మంది ఉన్న జైలులో తీవ్రమైన జబ్బుతో ఉన్నవారు వందకు పైబడే ఉండవచ్చు, వారిలో ఎందరో తమంతట తాముగా వచ్చి చెప్పుకోరు. సైకియాట్రిస్టు జబ్బును గుర్తించి మందు రాస్తారు. ఆ మందు రోజూ ఖైదీ చేతికి అందుతోందా, అతడు దాన్ని మింగుతున్నాడా లేక బ్యారక్‌లో తనను బెదిరించేవాడికి ఇచ్చేస్తున్నాడా, ములాఖత్‌కు ఇంటినుంచి ఎవరూ ఎందుకు రావడం లేదు, వాయిదా ఎప్పుడు, న్యాయవాది ఉన్నారా, విడుదలైన రోజు రాత్రి ఎక్కడ తలదాచుకుంటాడు అన్న ప్రశ్నలు సోషల్ వర్కర్ వంతుకు వస్తాయి. నాలుగు దారుల్లోనూ ఈ ప్రశ్నలు ఇవే. వాటికి సమాధానం వెతికే అధికారం, సమయం, స్వేచ్ఛ మాత్రం ఒక్కో దారిలో ఒక్కో విధంగా ఉంటాయి.

జైలు శాఖ ఉద్యోగం

ఈ ఉద్యోగానికి ఉన్న అతి పెద్ద బలం ప్రతిరోజూ అక్కడే ఉండటం. ఐక్యరాజ్యసమితి సాధారణ సభ 2015లో ఆమోదించిన, ఖైదీలతో వ్యవహరించే తీరుకు కనీస ప్రమాణాలైన నెల్సన్ మండేలా నియమాల్లో 78వ నియమం, సోషల్ వర్కర్ల సేవలు జైళ్లలో శాశ్వత ప్రాతిపదికన ఉండాలని చెబుతుంది. దాని వెనక ఉన్న అవసరం జైలులో ఒక్క వారం గడిపినవారికైనా బోధపడుతుంది. ఖైదీ ప్రాణానికి ప్రమాదం ఎక్కువగా పొంచి ఉండే ఘడియలు దాదాపు తెలిసినవే: జైలుకు వచ్చిన మొదటి రాత్రి, ఆ తరువాతి కొద్ది రోజులు, శిక్ష ఖరారైన రోజు, ఇంటినుంచి చెడు కబురు వచ్చిన రోజు, ఒంటరి గదిలో పెట్టిన రోజులు. వారానికి రెండుసార్లు వచ్చి వెళ్లేవారికి ఆ ఘడియలు దొరకడం కష్టం. లోపలే ఉన్నవారికి దొరుకుతాయి.

మొదటి రోజునే ఉదాహరణగా తీసుకుందాం. పేరు, నేరం, ఎత్తు, పుట్టుమచ్చలు నమోదు చేసే బల్ల దగ్గర, వెనక ఇంకా పదిమంది వరుసలో ఉండగా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నాయా అని అడిగితే లేవనే సమాధానమే వస్తుంది. అదే మనిషిని పక్క గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి, ఇంట్లోవాళ్లకు కబురు అందిందా అని ముందు కనుక్కుని, నిద్ర గురించి, బయట వాడుతున్న మందుల గురించి, చివరిసారి మద్యం తాగి ఎన్ని గంటలైందన్న దాని గురించి మాట్లాడిన తరువాత అదే ప్రశ్న వేస్తే సమాధానం మారవచ్చు. మద్యం సంగతి ఊరికే అడిగేది కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషికి హఠాత్తుగా మద్యం ఆగిపోతే రెండు మూడు రోజుల్లో చేతులు వణకడం, లేనివి కనిపించడం, ఫిట్స్ రావడం మొదలై ప్రాణం మీదికి రావచ్చు. దాన్ని నాటకమనో తిరుగుబాటనో పొరబడి ఒంటరి గదిలో వేస్తే జరిగే నష్టాన్ని ఆ మొదటి పది నిమిషాల సంభాషణ ఆపగలదు. వార్డర్లతో రోజువారీ పరిచయం వల్ల మరో మేలు కూడా ఉంది. ఫలానా ఖైదీ మూడు రోజులుగా స్నానం చేయడం లేదని, తన వస్తువులన్నీ పక్కవాళ్లకు పంచేస్తున్నాడని మొదట గమనించేది వాళ్లే. నమ్మకం కుదిరితే ఆ మాట మీ చెవిన పడుతుంది.

ఇక బలహీనత కూడా అక్కడినుంచే పుడుతుంది. జీతం ఇచ్చేది జైలు శాఖ, పనితీరుపై వార్షిక అభిప్రాయం రాసేది జైలు అధికారి. క్రమశిక్షణ చర్య తీసుకునేముందు మీ అభిప్రాయం అడుగుతారు, పెరోల్ దరఖాస్తుపై మీ వ్యాఖ్య కోరతారు, బ్యారక్‌లో ఎవరు ఎవరితో చేతులు కలిపారో మీకు తెలుసు కదా అని మాటల్లో కూపీ లాగుతారు. మండేలా నియమాల్లో 46వ నియమం, ఆరోగ్య సిబ్బందికి క్రమశిక్షణ శిక్షలు విధించడంలో ఎలాంటి పాత్రా ఉండకూడదని స్పష్టంగా చెబుతుంది. కానీ జైలు శాఖ సోషల్ వర్కర్‌ను ఆరోగ్య సిబ్బందిగా లెక్కిస్తారా, పరిపాలన సిబ్బందిగా లెక్కిస్తారా అన్నది చాలాచోట్ల తేలని విషయం. ఈ అస్పష్టతను ఉద్యోగంలో చేరాక తేల్చుకుందామనుకోవడం మంచిది కాదు.

నివేదికలోని ఒక్క వాక్యం ఎంత దూరం వెళుతుందో చూడండి. ఖైదీ ఉదయం హాజరుకు లేవలేదని, పిలిచినా పలకలేదని అనుకుందాం. ఆదేశాలను పదేపదే ధిక్కరిస్తున్నాడని రాస్తే అది శిక్షకు ఆధారమవుతుంది. రాత్రి ఇచ్చే మందు మోతాదు రెట్టింపైన నాటినుంచి ఉదయం లేవలేకపోతున్నాడని, అంతకుముందు నెలల్లో అతడిపై ఇలాంటి ఫిర్యాదు లేదని, మోతాదును వైద్యులు తిరిగి పరిశీలించవలసి ఉందని రాస్తే అది చికిత్సకు దారి తీస్తుంది. శిక్ష విధించేముందు ఆ ప్రవర్తనకు మానసిక అనారోగ్యం కారణమా అని పరిశీలించాలని 39వ నియమం కోరుతోంది కనుక, రెండవ విధంగా రాయడం ఖైదీని వెనకేసుకురావడం కిందికి రాదు. జైలు శాఖలో చేరేవారికి ఇలా రాసే నేర్పు, రాసినదానికి కట్టుబడే ధైర్యం రెండూ ఉండాలి. వెయ్యి మందికి ఒక్కరే సోషల్ వర్కర్ ఉన్నచోట చదువు తరగతులు, సందర్శకుల ఏర్పాట్లు, గణాంకాల పట్టికలు కూడా ఆ ఒక్కరి మీదే పడి, జబ్బుపడినవారికి దక్కే సమయం కరిగిపోతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఆరోగ్య సేవల తరఫున జైలుకు వెళ్లడం

జైలు వైద్యాన్ని జైలు శాఖ చేతుల్లోనుంచి తీసి ఆరోగ్య శాఖకు అప్పగించాలన్న ఆలోచన కొత్తది కాదు. నార్వే 1988లో, ఫ్రాన్స్ 1994 జనవరి నాటి చట్టంతో ఈ మార్పు చేశాయి. ఇంగ్లండ్‌లో ఈ బదిలీ 2006 నాటికి పూర్తయింది. లోపల ఉన్న రోగికి బయటి రోగితో సమానమైన వైద్యం అందాలని, వైద్యం చేసేవారు తాళాలు వేసేవారికి జవాబుదారీగా ఉండకూడదని ఈ మార్పు వెనక ఉన్న ఉద్దేశం. మండేలా నియమాల్లో 24వ నియమం మొదటి విషయాన్ని చెబితే, చికిత్సకు సంబంధించిన నిర్ణయాలను వైద్యేతర జైలు సిబ్బంది తోసిపుచ్చరాదని 27వ నియమం రెండవదానికి బలమిస్తుంది.

ఇలాంటి బృందంలో చేరిన సోషల్ వర్కర్‌కు పక్కనే సైకియాట్రిస్టు, సైకాలజిస్టు, మానసిక ఆరోగ్య నర్సు ఉంటారు. కేసును ఒంటరిగా మోయనక్కరలేదు. అనుమానం వస్తే అడగడానికి మనిషి ఉంటారు, తప్పు చేయబోతే ఆపడానికీ ఉంటారు. ఖైదీకి కూడా మీరు జైలు మనిషి కాదని తెలుస్తుంది, అందువల్ల కొన్ని మాటలు తొందరగా బయటికి వస్తాయి. అన్నిటికన్నా విలువైనది, ఆ ఆసుపత్రికే అతడు విడుదల తరువాత రావచ్చు. అంటే లోపల మొదలైన ఫైలు బయట కొనసాగుతుంది.

కానీ మీరు అక్కడ అతిథి. ఉదయం వెళ్లి ఫోను గేటు దగ్గర అప్పగించి, తనిఖీ ముగించుకుని లోపలికి అడుగుపెట్టేసరికి ఖైదీల లెక్క సరిపోలేదని అన్ని బ్యారక్‌లూ మూసి ఉండవచ్చు. తిరిగి తెరిచేసరికి ఖైదీని తీసుకురావడానికి వార్డర్ ఖాళీగా ఉండకపోవచ్చు. ఆరుగురిని చూడాలనుకున్న రోజున ఇద్దరితో సరిపెట్టుకుని తిరిగి రావలసి వస్తుంది. ఆ ఇద్దరితో మాట్లాడే గదికి తలుపు ఓరగా తెరిచి, బయట కాపలా మనిషి నిలబడి ఉంటే, గోప్యత అన్నది మాటల దూరం మీద ఆధారపడి ఉంటుంది. కనిపించేంత దూరంలో, వినిపించనంత దూరంలో కాపలా ఉండేలా ముందే ఒప్పందం చేసుకోవడం ఈ ఉద్యోగంలో మొదటి వారమే పూర్తిచేయవలసిన పని. రాత్రులు ఏం జరిగిందో మీకు తెలియదు. తెలియజేసే నర్సునో వార్డర్‌నో సంపాదించుకోకపోతే మీ అంచనా పగటి మనిషి మీదే ఆధారపడి ఉంటుంది.

గోప్యతకు హద్దు రెండు ఉద్యోగాల్లోనూ ఒకటే అయినా, దాన్ని పాటించడం ఇక్కడ కొంత తేలిక. రోగికో ఇతరులకో నిజమైన, తక్షణమైన హాని పొంచి ఉన్నప్పుడు తప్ప వైద్య సమాచారాన్ని దాచి ఉంచాలని 32వ నియమం అంటుంది. ఈ హద్దును ఖైదీకి మొదటి సంభాషణలోనే చెప్పాలి, అతడు అన్నీ చెప్పుకున్న తరువాత కాదు.

ప్రత్యేక మానసిక వైద్యశాల

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌మూర్ 1863లోనే మొదలైంది కాబట్టి ఈ తరహా వైద్యశాలలకు చరిత్ర చాలానే ఉంది. ఇక్కడ ఉన్నవారు మొదట రోగులు, తరువాతే నిందితులు. కేసుల సంఖ్య తక్కువ, పరిచయం సంవత్సరాల తరబడి సాగుతుంది, నేర్చుకోవడానికి అవకాశం ఎక్కువ. కుటుంబంతో పని ఇక్కడ ఉన్నంత లోతుగా మరెక్కడా ఉండదు. తీవ్రమైన జబ్బు ప్రభావంలో జరిగిన హింసకు బలైనవారు తరచుగా ఇంటి మనుషులే కావడం వల్ల, బాధితుడి కుటుంబమూ నిందితుడి కుటుంబమూ ఒకటే అయ్యే సందర్భాలు వస్తాయి. కొడుకును చూడాలని ఉన్నా, అతడి చేతిలో చనిపోయిన తన భర్తను మరిచిపోలేని తల్లితో మాట్లాడటానికి మామూలు కౌన్సెలింగ్ శిక్షణ చాలదు. అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవలసిన పని అది.

ఇటువంటి వైద్యశాలల్లో పడకలు తక్కువ కాబట్టి, జైళ్లలో ఉన్న రోగుల్లో అత్యధికులు ఇక్కడిదాకా రారు. ఎక్కువమందికి ఉపయోగపడాలన్నది మీ కోరికైతే ఈ దారి మీకు అసంతృప్తిని మిగల్చవచ్చు. ఆసుపత్రికీ జైలుకీ న్యాయస్థానానికీ మధ్య మనిషి తప్పిపోకుండా చూడటం మాత్రం ఇక్కడి సోషల్ వర్కర్ బాధ్యతల్లో అన్నిటికన్నా పెద్దది. అస్సాంకు చెందిన మచాంగ్ లాలుంగ్‌ను 1951లో అరెస్టు చేసి తేజ్‌పూర్ మానసిక వైద్యశాలకు పంపారు. 1967లో వైద్యులు ఆయన కోలుకున్నారని ధ్రువీకరించినా ఇంటికి పంపకుండా జైలుకు మార్చారు. కేసు విచారణ జరగకుండానే ఆయన 2005 వరకు, అంటే 54 ఏళ్లు నిర్బంధంలో గడిపారు. కోలుకున్నట్టు కాగితం ఉంది. ఆ కాగితాన్ని పట్టుకుని న్యాయస్థానం దాకా వెళ్లి, తదుపరి వాయిదా ఎప్పుడని అడగడం తన పని అని భావించిన మనిషి ఆ తరువాతి ముప్పై ఎనిమిదేళ్లూ ఆయనకు దొరకలేదు. ఈ దారిని ఎంచుకునేవారు తమ వార్డులోని ప్రతి రోగికీ చట్టపరమైన స్థితి ఏమిటో, తిరిగి సమీక్షించే తేదీ ఏమిటో నోటికి చెప్పగలిగేలా ఉండాలి.

న్యాయస్థానం దగ్గర, విడుదల తరువాత

అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రంలోని బ్రోవార్డ్ కౌంటీ 1997లో మానసిక ఆరోగ్య న్యాయస్థానాన్ని ప్రారంభించిన తరువాత, చిన్న నేరాలకు పాల్పడిన రోగులను జైలుకు బదులు చికిత్సకు మళ్లించే ఏర్పాట్లు అనేక చోట్ల వచ్చాయి. అక్కడ సోషల్ వర్కర్ నివేదిక నేరుగా న్యాయమూర్తి ముందుకు వెళుతుంది. గంటల వ్యవధిలో మనిషిని కలిసి, కుటుంబాన్ని, చికిత్స చేసే ఆసుపత్రిని, ఉండడానికి చోటును సమకూర్చి చెప్పవలసి ఉంటుంది. వేగం, చట్టంపై పట్టు ఉన్నవారికి ఇది బాగా నప్పుతుంది.

విడుదల తరువాతి పని గురించి నేను కొంచెం గట్టిగా చెప్పదలచుకున్నాను, ఎందుకంటే ఉద్యోగం వెతుక్కునేవారు దీన్ని చివరి వరుసలో పెడుతున్నారు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో విడుదలైన ముప్పై వేల మందికి పైగా ఖైదీలను పరిశీలించి 2007లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, బయటికి వచ్చిన మొదటి రెండు వారాల్లో వారి మరణ ప్రమాదం మిగతా ప్రజలకన్నా 12.7 రెట్లు ఎక్కువ. మత్తు మందుల మోతాదు మించడం ఇందులో అన్నిటికన్నా పెద్ద కారణం. జైలులో ఉన్నంతకాలం శరీరం ఆ మందుకు అలవాటు తప్పి ఉంటుంది, బయటికి రాగానే పాత మోతాదు తీసుకుంటే ప్రాణం పోతుంది. ఇంత ప్రమాదం ఉన్న రెండు వారాలను ఎవరి ఉద్యోగ బాధ్యతల్లోనూ చేర్చకుండా వదిలేయడం క్షమించరాని విషయం. విడుదల రోజున ఖైదీ చేతిలో ఎన్ని రోజుల మందులున్నాయి, తరువాతి మందుల చీటీ ఎవరు రాస్తారు, ఆసుపత్రికి వెళ్లవలసిన తేదీ ఏది, ఆ రోజు తోడు వెళ్లేది ఎవరు, గుర్తింపు పత్రాలు జైలు కార్యాలయంలోనే ఉండిపోయాయా అన్నవి చూసుకోవడమే ఈ పనిలో సగభాగం. సాయంత్రం ఆలస్యంగా విడుదల చేస్తే ఆసుపత్రులు, ఆశ్రయ కేంద్రాలు మూసి ఉంటాయి కాబట్టి, ఉదయం విడుదల చేయమని కోరడం కూడా ఈ పనిలో భాగమే.

ఈ దారిలో లోటు స్థిరత్వం. స్వచ్ఛంద సంస్థల ఉద్యోగాలు తరచుగా ప్రాజెక్టు నిధులతో ముడిపడి ఉంటాయి, నిధులు ముగిస్తే కేసులు మధ్యలో ఆగిపోతాయి. తిరుగుడు ఎక్కువ, జైలు లోపలి సమాచారం మీకు ఆలస్యంగా అందుతుంది. ప్రొబేషన్ విభాగంలో చేరితే స్థిరత్వం ఉంటుంది గానీ, షరతులు ఉల్లంఘించారని నివేదించవలసిన బాధ్యత కూడా వస్తుంది. మొదటి దారిలో చెప్పిన ఇబ్బందే ఇక్కడ మరో రూపంలో ఎదురవుతుంది.

నా సలహా

చదువు పూర్తిచేసుకుని మొదటి ఉద్యోగం చూసుకుంటున్నవారు రెండవ దారిని, అంటే వైద్య బృందంతో జైలుకు వెళ్లే ఉద్యోగాన్ని ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. తొలి ఏళ్లలో మీకు అవసరమైనది పర్యవేక్షణ, తోటి నిపుణుల సహవాసం. అవి లేకుండా పెద్ద జైలులో ఏకైక సోషల్ వర్కర్‌గా చేరితే, జైలు భాషే మీ భాష అయిపోతుంది. ఖైదీ ఏడుపును నటనగా చూడటం మొదలుపెడతారు, అలా చూస్తున్నామని మీకే తెలియదు. అయితే ఆ వైద్య బృందం నెలకొకసారి వచ్చి మందులు రాసి వెళ్లిపోయేదైతే ఈ సలహా వర్తించదు. అప్పుడు బయటి నిపుణుడి పర్యవేక్షణను లిఖితపూర్వకంగా హామీ ఇచ్చే జైలు శాఖ ఉద్యోగమే మేలు.

నాలుగైదేళ్ల అనుభవం ఉన్నవారు జైలు శాఖవైపు చూడాలని నేను కోరుతున్నాను. మొదటి రోజు పరీక్ష ఎలా జరగాలి, ఒంటరి గదికి పంపేముందు ఎవరిని సంప్రదించాలి అన్న పద్ధతులు మారేది లోపలివారి చేతనే. రోజుకు 22 గంటలు, అంతకు పైగా మనిషి అలికిడి లేకుండా ఉంచడం మానసిక వైకల్యం ఉన్నవారి స్థితిని దిగజార్చేదైతే అది నిషిద్ధమని మండేలా నియమాలు చెబుతున్నాయి. కానీ ఆ నియమాన్ని ఫలానా రోజున ఫలానా ఖైదీ విషయంలో గుర్తుచేసే మనిషి అక్కడ ఉండాలి కదా. దీర్ఘకాల చికిత్సపై మక్కువ ఉన్నవారికి వైద్యశాల, చట్టంతో చనువు ఉన్నవారికి న్యాయస్థానం నప్పుతాయి. మహిళా జైళ్లలో పనిచేయదలచినవారు ఏ దారి ఎంచుకున్నా, మహిళా ఖైదీల విషయంలో ఐక్యరాజ్యసమితి 2010లో ఆమోదించిన బ్యాంకాక్ నియమాలను ముందుగా చదివి, గత హింస ప్రభావాన్ని దృష్టిలో ఉంచుకుని చికిత్స చేసే శిక్షణ ఆ సంస్థలో దొరుకుతుందో లేదో కనుక్కోవాలి.

అర్హత విషయంలో తొందరపడకూడదు. ఉదాహరణకు భారతదేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, సోషల్ వర్క్‌లో పోస్టు గ్రాడ్యుయేషన్‌తో పాటు సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల పూర్తికాల ఎం.ఫిల్. చేసినవారిని, లేదా నిబంధనలు నిర్దేశించిన ఇతర గుర్తింపు పొందిన అర్హత ఉన్నవారిని సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా గుర్తిస్తుంది. మరికొన్ని దేశాల్లో పర్యవేక్షణలో పనిచేసిన గంటలను బట్టి లైసెన్సు ఇస్తారు. మీరు చేరబోయే ఉద్యోగంలోని అనుభవం ఆ గంటల కింద చెల్లుతుందో లేదో ముందే తేల్చుకోకపోతే, ఏళ్లు గడిచాక వేరే దారికి మారడం కష్టమవుతుంది.

చివరగా, ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. నా కేసు ఫైళ్లను ఎవరెవరు తెరవగలరు? నా పనితీరును అంచనా వేసేది వైద్యులా, జైలు అధికారులా? క్రమశిక్షణ విచారణలో నన్ను సాక్షిగా పిలుస్తారా? వారానికి ఎన్ని గంటలు ఖైదీలతో ఏకాంతంగా మాట్లాడే గది దొరుకుతుంది? ఖైదీ ఆత్మహత్య జరిగితే విచారణ సమయంలో నాకు అండగా నిలిచేది ఎవరు, అటువంటి ఘటన తరువాత సిబ్బందితో మాట్లాడే ఏర్పాటు ఉందా? నాకంటే ముందు ఈ స్థానంలో ఉన్నవారు ఎందుకు వెళ్లిపోయారు, వారు వెళ్లాక ఆ స్థానం ఎంతకాలం ఖాళీగా ఉంది, ఆ కాలంలో వారి కేసులను ఎవరు చూశారు? ఈ చివరి ప్రశ్నకు పేరుతో సహా సమాధానం వస్తే, జీతం కొంత తక్కువైనా ఆ ఉద్యోగాన్ని తీవ్రంగా పరిశీలించండి.